పాత గోటూ టెలిస్కోప్ అలైన్‌మెంట్ కుదరట్లేదా? రీసెట్ కొట్టే ముందు ఇవి ఒక్కోటీ చూస్కోండి

చాన్నాళ్ళకి పాత గోటూ టెలిస్కోప్‌ని (పేరు నొక్కితే మోటార్లతో తనే అటు తిరిగే రకం) బయటికి తీసి ట్రైపాడ్ ఎక్కించి, ఓపిగ్గా రెండు నక్షత్రాల అలైన్‌మెంట్ (రెండు నక్షత్రాలు చూపించి దానికి దిక్కులు నేర్పడం) చేసి, శని గ్రహం అని నొక్కితే మోటార్లు గరగరమంటూ వెళ్ళి ఏమీ లేని చీకట్లో ఆగిపోతాయి చూడండి, అప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. చాలామంది ఆ రాత్రే కంప్యూటర్ పోయిందని తేల్చేసి స్కోప్‌ని మూల పెట్టేస్తారు. నాకు అదే బాధ, ఎందుకంటే నేను చూసిన పాత స్కోపుల్లో నిజంగా బోర్డు కాలిపోయినవి బాగా తక్కువ. మిగతావాటిల్లో కంప్యూటర్ లెక్క కరెక్టే, దానికి మనం ఇచ్చిన తేదీయో టైమో తప్పు, లేదంటే అది తిప్పమన్నంత గేర్ తిరగలేదు.

ఒకటి గుర్తుపెట్టుకోండి, ఈ పాత కంట్రోలర్‌కి కళ్ళు లేవు. ఆకాశం దానికి కనపడదు. మోటార్ వెనకాల ఎన్‌కోడర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టుకుంటుంది, మనం ఎంటర్ నొక్కిన చోట ఫలానా నక్షత్రం ఉందని నమ్ముతుంది, అంతే. కాబట్టి మన పని, అది ఏ విషయంలో మోసపోయిందో కనిపెట్టడం.

ముందు తప్పు ఏ రకంగా ఉందో చూడండి

ఏదీ మార్చకముందే, ఏ సెట్టింగూ ముట్టకముందే, అలైన్‌మెంట్ ఒకసారి పూర్తిగా చేసి నాలుగైదు కాంతివంతమైన నక్షత్రాలకి గోటూ ఇచ్చి ఎంత దూరంలో ఆగుతుందో, ఏ వైపు ఆగుతుందో కాగితం మీద రాసుకోండి. పదిహేను నిమిషాల పని ఇది, తర్వాత మూడు రాత్రులు మిగులుతాయి.

అలైన్ చేసేటప్పుడు మొదటి నక్షత్రానికే దూరంగా ఆగితే తేదీ, టైమ్ లాంటి సమాచారం తప్పు. అలైన్ అయ్యాక ఎటు వెళ్ళినా ఒకే వైపుకి ఒకే దూరం తప్పుతుంటే నక్షత్రాన్ని సరిగ్గా మధ్యలో పెట్టలేదు. ఆకాశంలో ఒక పక్క బానే దొరికి ఇంకో పక్క తప్పుతుంటే రెండో నక్షత్రం ఎంపికలో తేడా ఉండొచ్చు, లేదా ట్యూబ్, డయాగనల్ (చూపుని పక్కకి మళ్ళించే చిన్న అద్దం ముక్క), లోపలి అద్దం ఏదో కదులుతోంది. దగ్గర్లో ఉన్నవాటికి తక్కువ తప్పి దూరం వెళ్ళేకొద్దీ దామాషాలో ఎక్కువ తప్పుతుంటే గేర్ లెక్క తప్పు, అంటే కంట్రోలర్‌లో వేరే మోడల్ పేరు సెట్ అయ్యుంది. మొదట బాగుండి అరగంటకి జారిపోతుంటే ట్రాకింగ్ (ఆకాశంతో పాటు మెల్లగా తిరగడం) గానీ క్లచ్ (ట్యూబ్‌ని గేర్‌కి పట్టి ఉంచే బిగింపు) గానీ. ఒక్కోసారి ఒక్కోలా తప్పుతుంటే మాత్రం ముందు కరెంటే చూడాలి.

1. కరెంటు

పాత స్కోపుల్లో ఎక్కువ శాతం 12 వోల్టుల మీద నడుస్తాయి. ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేసే మోడల్స్‌లో కొత్త ఆల్కలైన్ సెల్స్ అయితే 12 వోల్టులు వస్తుంది, అదే రీఛార్జబుల్ వేస్తే ఒక్కోటి 1.2 చొప్పున మొత్తం 9.6 మాత్రమే. లైట్ వెలుగుతుంది, స్క్రీన్ మీద అక్షరాలు కనపడతాయి, అంతా బాగున్నట్టే ఉంటుంది, కానీ రెండు మోటార్లు ఒకేసారి ఫుల్ స్పీడ్‌లో తిరిగినప్పుడు వోల్టేజ్ కిందకి పడిపోయి కంట్రోలర్ లెక్క మర్చిపోతుంది. అందుకే మల్టీమీటర్‌తో కొలిచేటప్పుడు ఊరికే కొలవకండి, రెండు యాక్సిస్‌లూ ఫుల్ స్పీడ్‌లో తిప్పుతూ కొలవండి. పాత లెడ్ యాసిడ్ బ్యాటరీ లోడ్ లేనప్పుడు 12.6 చూపించి లోడ్ పడగానే కూలబడటం నేను చాలాసార్లు చూశా.

పవర్ ప్లగ్ వదులైపోవడం ఇంకోటి. స్కోప్ తిరిగేటప్పుడు వైరు లాగి ఒక్క క్షణం కరెంటు పోతే చాలు, అలైన్‌మెంట్ మొత్తం పోతుంది. వైరుని మౌంట్‌కి (ట్యూబ్‌ని మోసి తిప్పే భాగానికి) ఒక కట్టు కట్టేసుకోండి, ప్లగ్ మీద బరువు పడకుండా.

హ్యాండ్ కంట్రోలర్ వైరు చివర టెలిఫోన్ ప్లగ్ లాంటిది ఉంటుంది కదా, దాని రాగి పళ్ళు నల్లబడితే కమ్యూనికేషన్ ఎర్రర్లు వస్తాయి. సెలెస్ట్రాన్ కంపెనీ నెక్స్‌స్టార్ స్కోపుల్లో నో రెస్పాన్స్ 16 అంటే అజిమత్ (పక్కలకి తిప్పే) మోటార్ బోర్డు జవాబు ఇవ్వట్లేదని, 17 అంటే ఆల్టిట్యూడ్‌ది (పైకీ కిందకీ తిప్పేది) అని అర్థం. వెంటనే బోర్డు పోయిందనుకోకండి. పవర్ ఆఫ్ చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్‌బడ్‌తో ఆ పళ్ళు తుడిచి, ఆరాక నాలుగైదుసార్లు పెట్టి తీసి చూడండి. పవర్ ఆన్‌లో ఉండగా కంట్రోలర్ వైరు మాత్రం పీకొద్దు, గుచ్చొద్దు.

2. తేదీ, టైమ్, ఊరు

అసలు కథంతా ఇక్కడే ఉంది, తొందరపడకుండా చదవండి.

చాలా కంట్రోలర్లలో తేదీని అమెరికా పద్ధతిలో ముందు నెల తర్వాత రోజు కొట్టాలి. నేను ఒకసారి మే 3న 03/05 అని కొట్టేశా, అది మార్చి 5 అనుకుంది. 59 రోజుల తేడా. ఆకాశం రోజుకి ఒక డిగ్రీ కంటే కొంచెం తక్కువ జరుగుతుంది కాబట్టి దాని లెక్కలో నక్షత్రాలన్నీ 58 డిగ్రీలు పక్కన ఉన్నాయి, మొదటి నక్షత్రం కోసం వెళ్ళి గోడకేసి చూసింది. మూడు రాత్రులు గేర్లే చూస్తూ కూర్చున్నా, నాలుగో రాత్రి స్క్రీన్ మీద నెల పేరు చదివితే గానీ అర్థం కాలేదు. 12 లోపు తేదీలకి కంట్రోలర్ ఏ అభ్యంతరమూ చెప్పదు, అదే ప్రమాదం.

టైమ్ సంగతి. భూమి గంటకి 15 డిగ్రీలు తిరుగుతుంది, అంటే నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ, రెండు నిమిషాలు తప్పు కొడితే ఒక చందమామ వెడల్పు తేడా. డేలైట్ సేవింగ్ (కొన్ని దేశాల్లో వేసవికి గడియారం గంట ముందుకి జరపడం) ఆన్‌లో ఉండాల్సింది ఆఫ్‌లో ఉన్నా, ఆఫ్‌లో ఉండాల్సింది ఆన్‌లో ఉన్నా సరిగ్గా 15 డిగ్రీలు తప్పుతుంది. మొదటి నక్షత్రం దగ్గర మీ తప్పు 15 దగ్గర్లో ఉంటే ఇంకేం వెతకకండి, అదే. ఏడున్నర డిగ్రీలు తప్పుతుంటే అరగంట, అంటే మన టైమ్ జోన్ ఐదున్నర గంటల్లో ఆ అరగంట ఎక్కలేదన్నమాట. ఇలాంటి చిక్కులన్నిటికీ ఒక చిట్కా ఉంది. టైమ్ జోన్ సున్నా పెట్టేసి, డేలైట్ సేవింగ్ ఆఫ్ చేసి, యూటీసీ (గ్రీనిచ్) టైమే నేరుగా కొట్టండి, దాంతోపాటు యూటీసీ తేదీ కూడా, అర్ధరాత్రి చుట్టుపక్కల అది మన తేదీతో కలవకపోవచ్చు కదా.

మీడ్ కంపెనీ పాత ఎల్ఎక్స్200 క్లాసిక్ లాంటి స్కోపులు ఇంకో రకం. అందులో జీఎంటీ (గ్రీనిచ్ టైమ్) ఆఫ్‌సెట్ అంటే లోకల్ టైమ్‌కి ఎన్ని గంటలు కలిపితే జీఎంటీ వస్తుందో అది, కాబట్టి తూర్పున ఉన్నవాళ్ళకి మైనస్ వస్తుంది, మనం మామూలుగా అనుకునేదానికి రివర్స్. రేఖాంశం కూడా గ్రీనిచ్ నుంచి పడమరగా 0 నుంచి 360 దాకా లెక్కపెడుతుంది, తూర్పు రేఖాంశం 78 అయితే 360లోంచి తీసేసి 282 కొట్టాలి. మిగతా కంట్రోలర్లలో తూర్పు, పడమర అక్షరం తప్పు పడటమే ఎక్కువ. అక్షాంశ రేఖాంశాలు ఒకదాని బదులు ఒకటి కొట్టినవాళ్ళూ ఉన్నారు. మ్యాప్‌లో దశాంశాల్లో చూపిస్తే డిగ్రీలు నిమిషాల్లోకి మార్చుకోండి, 17.5 అంటే 17 డిగ్రీల 30 నిమిషాలు, 50 నిమిషాలు కాదు.

కొన్నిట్లో తేదీ గుర్తుపెట్టుకోడానికి లోపల సీఆర్2032 లాంటి బటన్ సెల్ ఉంటుంది. ఏళ్ళ తరబడి మార్చకపోతే అది పోయి, ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎక్కడికో వెళ్ళిపోతుంది. మార్చేటప్పుడు పాత సెల్ ఉన్న గూట్లో పచ్చగానో తెల్లగానో పొడి పేరుకుందేమో చూడండి, ఉంటే తుడిచాకే కొత్తది పెట్టండి.

3. జీపీఎస్ ఉన్న పాత స్కోప్ అయితే

జీపీఎస్ ఉంది కదా తేదీ టైమ్ అదే తీసుకుంటుందని వదిలేస్తారు, నిజానికి 2000ల మొదట్లో వచ్చిన స్కోపుల్లో దాన్నే ముందు అనుమానించాలి. జీపీఎస్ సిగ్నల్‌లో వారం నంబర్‌కి 10 బిట్లే ఇచ్చారు, అంటే 1024 వారాలు, దాదాపు 19.6 ఏళ్ళకి మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. 1980 జనవరి 6న మొదలైన లెక్క 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్‌లో ఇంకోసారి తిరగబడింది. పాత జీపీఎస్ మాడ్యూల్స్‌కి ఇది తెలియక తేదీని 1024 వారాలు వెనక్కి చెప్తాయి. ఉదాహరణకి 2025 జనవరి 1 అనాల్సిన చోట 2005 మే 18 అంటుంది. రెండూ బుధవారాలే, వారం కరెక్ట్‌గానే ఉంటుంది, గడియారం కూడా కరెక్ట్‌గానే ఉంటుంది, అందుకే పైపైన చూస్తే దొరకదు. సంవత్సరం కచ్చితంగా చూడాలి. ఆ తేదీతో నక్షత్రాల లెక్క రోజులో 15 గంటలు పక్కకి పోతుంది, అస్తమించిన నక్షత్రాన్ని చూపించి అలైన్ చెయ్యమంటుంది, గ్రహాలైతే అసలు దొరకవు.

మందు ఏంటంటే జీపీఎస్ ఆఫ్ చేసేసి తేదీ, టైమ్, లొకేషన్ చేత్తో కొట్టడం. మీ మోడల్‌కి దీన్ని సరిచేసే ఫర్మ్‌వేర్ (కంట్రోలర్ లోపలి ప్రోగ్రామ్) దొరికితే వేసుకోవచ్చు, కానీ చేత్తో కొట్టడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు కాబట్టి నేనైతే అదే చేస్తా.

4. మోడల్, మౌంట్ సెట్టింగ్

మీడ్ ఆటోస్టార్ కంట్రోలర్‌ని రీసెట్ చేస్తే టెలిస్కోప్ మోడల్ మళ్ళీ డిఫాల్ట్‌కి పోతుంది. ఒక్కో మోడల్‌కి గేర్ నిష్పత్తి వేరు, తప్పు మోడల్ ఉంటే 90 డిగ్రీలు తిరగమంటే 80 తిరుగుతుందో 110 తిరుగుతుందో. ఆల్ట్‌అజ్ (పైకీ కిందకీ, పక్కలకీ తిరిగే పద్ధతి) బదులు పోలార్ (భూమి అక్షానికి వాల్చి పెట్టే పద్ధతి) అని ఉన్నా ఇంతే గందరగోళం. ట్రాకింగ్ రేట్ సైడీరియల్‌లో (నక్షత్రాల వేగంలో) ఉందో లేదో, చంద్రుడి రేటులోనో నేల మీద వస్తువుల మోడ్‌లోనో ఉండిపోయిందో కూడా చూడండి.

5. చేత్తో పట్టుకుని చూడాల్సినవి

ఇది పగలే చెయ్యండి. క్లచ్ బిగించి ట్యూబ్ చివర మెల్లగా తోసి చూడండి, జారితే ఎంత మంచి అలైన్‌మెంటైనా నిలవదు, ఎందుకంటే చాలా పాత స్కోపుల్లో ఎన్‌కోడర్ మోటార్‌తో ఉంటుంది గానీ యాక్సిస్‌తో కాదు, క్లచ్ జారిన సంగతి కంప్యూటర్‌కి తెలియదు. అలైన్ చేశాక చేత్తో ట్యూబ్ తిప్పకూడదనేది కూడా ఇందుకే. ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) వైపు, ముందు వైపు బరువు సమంగా ఉందా, కెమెరా పెట్టాక వెనక్కి వాలుతోందా చూస్కోండి.

ఇక బ్యాక్‌లాష్. దూరంగా ఉన్న స్తంభం కొసనో యాంటెనా కొసనో క్రాస్‌హెయిర్‌లో పెట్టి, తక్కువ స్పీడ్‌లో కుడివైపు బటన్ నొక్కి కదిలేదాకా ఉంచి, వెంటనే ఎడమ నొక్కండి. బటన్ నొక్కినా బొమ్మ కదలకుండా ఎన్ని సెకన్లు ఊరుకుందో లెక్కపెట్టండి. ఆ ఊరుకున్న టైమ్‌లో గేర్ పళ్ళ మధ్య ఖాళీ నిండుతోంది, కంప్యూటర్ మాత్రం స్కోప్ కదిలిందనే అనుకుంటోంది. పాత గ్రీజు గట్టిపడితే ఇది ఇంకా ఎక్కువుంటుంది, చలి రాత్రుల్లో మరీను. మెనూలో యాంటీ బ్యాక్‌లాష్ ఉంటుంది, నెక్స్‌స్టార్‌లో 0 నుంచి 99 దాకా, మెల్లగా పెంచుతూ పోండి, బొమ్మ వెంటనే కదలాలి కానీ ఎగిరి దూకకూడదు. దూకిందంటే ఎక్కువైపోయింది, తగ్గించండి.

ఆటోస్టార్‌లో అయితే కాలిబ్రేట్ మోటర్స్ ముందు, ట్రెయిన్ డ్రైవ్ తర్వాత, రెండు యాక్సిస్‌లకీ. ట్రెయినింగ్‌కి దగ్గరి వస్తువు పనికిరాదు, కొన్ని వందల మీటర్ల అవతల కదలకుండా ఉండేది కావాలి. రీసెట్ చేసిన ప్రతిసారీ ఇవి మళ్ళీ చెయ్యాలి, అందుకే రీసెట్ కొట్టడానికి తొందరపడొద్దన్నా.

పగలు చేసేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం ఎంత జాగ్రత్తగా ఉన్నా తక్కువే. అలైన్‌మెంట్ సరిలేని స్కోప్‌కి పగటిపూట గోటూ ఇవ్వకండి, అది దార్లో సూర్యుడి మీదుగా వెళ్ళొచ్చు, ఫిల్టర్ లేకుండా ఆ క్షణం ఐపీస్‌లో కన్ను ఉంటే చూపు పోతుంది. బాణం బటన్లతోనే తిప్పండి, సూర్యుడికి బాగా ఎడంగా ఉన్న వైపే పనిచెయ్యండి, ఫైండర్‌కి (ట్యూబ్ పక్కనుండే చిన్న దుర్భిణికి) కూడా మూత పెట్టి ఉంచండి. పని అయ్యాక ఫైండర్‌ని మెయిన్ ట్యూబ్‌తో ఆ స్తంభం మీదే కలిపేసుకుంటే రాత్రి సగం శ్రమ తగ్గుతుంది.

6. మొదలుపెట్టే పొజిషన్

మీడ్ ఈటీఎక్స్ లాంటి చిన్న ఫోర్క్ స్కోపులకి అడుగున హార్డ్ స్టాప్ (అంతకుమించి తిరగకుండా అడ్డు) ఉంటుంది. బేస్‌ని అపసవ్యంగా స్టాప్ తగిలేదాకా తిప్పి, అక్కణ్ణుంచి సవ్యంగా కంట్రోల్ ప్యానెల్ మీదికి ఫోర్క్ ఆర్మ్ వచ్చేదాకా తీసుకురావాలి. ఇది చెయ్యకపోతే స్కోప్ తిరిగే మధ్యలో స్టాప్‌కి గుద్దుకుని మోటార్ ఫాల్ట్ అంటుంది, జనం మోటార్ పోయిందనుకుంటారు. ట్యూబ్ లెవెల్, ఉత్తరం కూడా ఓ మోస్తరుగా కుదరాలి. ఉత్తరానికి ధ్రువ నక్షత్రాన్ని చూడండి, ఫోన్ దిక్సూచి మౌంట్‌లోని ఇనుముకి, మోటార్ అయస్కాంతాలకి తప్పు చెప్తుంది.

7. నక్షత్రాల ఎంపిక

కంట్రోలర్ ఇంగ్లీషు, అరబ్బీ పేర్లు చూపిస్తుంది, మనకి నక్షత్రం తెలిసినా ఆ పేరు తెలియక పక్కదాన్ని పట్టుకుంటాం. ఇవి రాసి పెట్టుకోండి: ఆర్క్‌టరస్ స్వాతి, స్పైకా చిత్ర, వేగా అభిజిత్, ఆల్టెయిర్ శ్రవణం, యాంటారెస్ జ్యేష్ఠ, రెగ్యులస్ మఖ, ఆల్డెబరాన్ రోహిణి, బీటల్‌జూస్ ఆర్ద్ర, కెపెల్లా బ్రహ్మహృదయం, కెనోపస్ అగస్త్యుడు. పునర్వసు జంట దగ్గర మాత్రం జాగ్రత్త. క్యాస్టర్, పోలక్స్ రెండూ నాలుగున్నర డిగ్రీల దూరంలోనే ఉంటాయి, పోలక్స్ కొంచెం ఎక్కువ మెరుస్తుంది, పసుపు ఛాయలో ఉంటుంది. ఒకటి అడిగితే ఇంకోటి ఇస్తే ఆ రాత్రంతా నాలుగు డిగ్రీలు తప్పుతూనే ఉంటుంది. అనుమానం ఉంటే ఆ రెండూ వదిలేసి వేరేది ఎంచుకోండి.

ఆల్ట్‌అజ్‌కి రెండు నక్షత్రాల మధ్య దిక్కులో 90 డిగ్రీల చుట్టుపక్కల తేడా ఉంటే బాగుంటుంది. నడినెత్తిన ఉన్నది వద్దు, అక్కడ అజిమత్ లెక్క చిన్న తప్పుకే అల్లాడిపోతుంది, దిగంతానికి మరీ దగ్గర్లోదీ వద్దు, 20 నుంచి 65 డిగ్రీల ఎత్తులో ఉన్నవి తీసుకోండి. ధ్రువ నక్షత్రం దిక్కు చూడ్డానికే గానీ అలైన్‌మెంట్‌కి వద్దు. గ్రహాన్ని నక్షత్రం అనుకుని ఎంటర్ కొట్టడం కూడా జరుగుతుంటుంది, గురుడు పక్కనుంటే రోహిణి వెలవెలబోతుంది మరి.

8. మధ్యలో పెట్టడం

2000 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్‌కి 25 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 80 రెట్లు, ఫీల్డ్ (కనపడే ఆకాశం వెడల్పు) అర డిగ్రీ కంటే కొంచెం ఎక్కువ. అందులో మధ్య అని కంటికి అనిపించేది నిజంగా మధ్య కాదు. ముందు దానితో పట్టుకుని, 10 మిల్లీమీటర్లది పెట్టి, ఫోకస్ కొంచెం చెదరగొడితే నక్షత్రం గుండ్రని గారెలా అవుతుంది, ఆ గుండ్రాన్ని ఫీల్డ్ అంచులకి సమదూరంలో పెట్టడం చుక్కని పెట్టడం కంటే చాలా తేలిక.

ఆఖరి సర్దుబాటు ఎప్పుడూ ఒకే వైపు బటన్లతో ముగించాలి. సెలెస్ట్రాన్‌లో పైకి, కుడికి బటన్లతో. దాటిపోతే వెనక్కొచ్చి మళ్ళీ అటే రండి, గేర్ ఖాళీ ఒకే వైపు నిండి ఉంటుంది. పాత స్కోపుల మీద ఈ ఒక్క అలవాటు చూపించినంత తేడా ఏ ఫర్మ్‌వేరూ చూపించలేదు నాకు.

మొదటి నక్షత్రానికీ రెండో దానికీ మధ్య స్టార్ డయాగనల్‌ని తిప్పొద్దు. మెడ నొప్పి అని తిప్పుతాం, మధ్య బిందువు జరిగిపోతుంది. ష్మిట్ క్యాసెగ్రెయిన్ (లోపలి అద్దాన్ని జరిపి ఫోకస్ చేసే రకం) స్కోపుల్లో ఫోకస్ తిప్పినా అద్దం కొంచెం ఒరుగుతుంది, అందుకే రెండు నక్షత్రాలకీ ఫోకస్ ఒకే వైపు తిప్పి ఆపండి.

9. అలైన్‌మెంట్ ఫెయిల్డ్ అంటే

రెండు నక్షత్రాల మధ్య అసలు కోణం ఎంతో దాని క్యాటలాగ్‌లో ఉంది, ఎన్‌కోడర్లు ఎంత తిరిగాయో తెలుసు, ఆ రెండూ కలవకపోతే ఫెయిల్డ్ అంటుంది. కాబట్టి ఈ మెసేజ్ వస్తే తప్పు నక్షత్రం, జారిన క్లచ్, తప్పు మోడల్, ఈ మూడే ముందు చూడండి. టైమ్ తప్పైతే సాధారణంగా ఇలా కాదు, మొదటి నక్షత్రానికి దూరంగా ఆగుతుంది, మీరు చేత్తో తెచ్చి పెడితే రెండోది బానే కుదురుతుంది, నక్షత్రాలన్నీ దొరుకుతాయి, గ్రహాలు మాత్రం తేదీ తప్పినంత మేరకి దొరకవు. నక్షత్రాలు సరే గ్రహాలు కాదంటే తిన్నగా 2వ దగ్గరికి వెళ్ళండి.

10. పాత డేటాబేస్, ఫర్మ్‌వేర్, కంప్యూటర్ కనెక్షన్

చాలా క్యాటలాగులు 2000 సంవత్సరం స్థానాలతో ఉంటాయి. పంచాంగంలో అయనాంశ అంటారే, ఆ అయనచలనం ఏడాదికి 50 ఆర్క్ సెకన్లు, 25 ఏళ్ళకి 21 ఆర్క్ నిమిషాలు. భయపడక్కర్లేదు, ఆకాశమంతా కలిసే తిరుగుతుంది కాబట్టి అదే క్యాటలాగ్ నక్షత్రాలతో అలైన్ చేస్తే చాలావరకు అందులోనే సర్దుకుంటుంది. ఇది అసలు కొట్టేది కంప్యూటర్‌కి కలిపినప్పుడు. సాఫ్ట్‌వేర్ జే2000 (2000 సంవత్సరపు స్థానం) పంపుతుంటే మౌంట్ ఈనాటి స్థానం అనుకుంటే ఎప్పుడూ ఆ మూడోవంతు డిగ్రీ తేడా మిగులుతుంది. సెట్టింగ్‌లో రెండు వైపులా ఒకటే ఉందో లేదో చూడండి. తోకచుక్కలు, ఉపగ్రహాల పాత కక్ష్య వివరాలైతే పూర్తిగా పనికిరావు, కొత్తవి ఎక్కించాల్సిందే.

ఫర్మ్‌వేర్ ఆఖర్న చూడండి. మరీ పాతవాటిల్లో అది చిప్‌లోనే ఉంటుంది, చిప్ మార్చాలి. అప్‌డేట్ అయ్యే రకమైతే మంచి యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్, ఫుల్ ఛార్జ్ ఉన్న బ్యాటరీ పెట్టుకుని మొదలెట్టండి, మధ్యలో కరెంటు పోతే కంట్రోలర్ మూగబోతుంది.

అన్నీ చేసినా కంట్రోలర్ మొండికేస్తే దాని మెదడుని పక్కనపెట్టి మోటార్లని వాడుకోండి. సీరియల్ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి స్టెల్లారియం లాంటి ఆకాశపటం ప్రోగ్రామ్‌తో నడిపించొచ్చు, ఆస్కామ్, ఇండీ అనే డ్రైవర్లు (కంప్యూటర్‌కీ మౌంట్‌కీ మధ్య మాట్లాడించే ప్రోగ్రాములు) చాలా పాత మౌంట్లని గుర్తుపడతాయి. చిన్న కెమెరా తగిలిస్తే ఫోటోలోని చుక్కల అమరికని బట్టి స్కోప్ ఎక్కడ చూస్తోందో చెప్పే ప్లేట్ సాల్వింగ్ ఉంది, ఆస్టాప్ అనే ప్రోగ్రామ్ ఉచితంగా చేస్తుంది. ఫోటో తియ్యడం, సాల్వ్, సింక్ (ఆ స్థానం మౌంట్‌కి చెప్పడం), మళ్ళీ గోటూ, రెండో ప్రయత్నానికల్లా గెలాక్సీ మధ్యలో ఉంటుంది. అదే ఈ పాత స్కోప్‌కి కళ్ళు పెట్టడం.

కుదిరాక మాత్రం బ్యాక్‌లాష్ నంబర్లు, మోడల్ పేరు, టైమ్ జోన్ ఎలా కొట్టారో, తేదీ ఏ వరసలో కొట్టాలో ఒక కాగితం మీద రాసి స్కోప్ పెట్టె మూతకి లోపలివైపు అంటించేయండి.